ఒక్కదానివే చూసుకో

మన్సూరాబాద్,
9 ఫిబ్రవరి 2025.

మూడో అంతస్తు ఇన్‌ఛార్జ్ సిస్టర్ బిందుమాధవి గారికి,

సైదమ్మ, స్టాఫ్ నర్సు, ఇరవై నాలుగేళ్ల సర్వీసు, ప్రస్తుతం సెలవులో ఉన్న మనిషి రాయునది. గుర్తుపట్టారనుకుంటాను. పట్టకపోతే పన్నెండో బెడ్ దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడండి, గుర్తొస్తుంది.

ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. ఎత్తిన రెండుసార్లూ "రౌండ్స్‌లో ఉన్నా అక్కా, తర్వాత చేస్తా" అన్నారు. ఆ తర్వాత అనేది ఇప్పటిదాకా రాలేదు. అయినా ఫోన్‌లో చెప్పిన మాటకు రేపు సాక్ష్యం ఉండదు. మన పనిలో రాయనిది చేయనట్టే లెక్క అని మీరు చేరిన మొదటి వారంలో మీకు చెప్పింది నేనే. అందుకే కాగితం మీద రాస్తున్నాను. జవాబు కూడా కాగితం మీదే కావాలి, కింద సంతకంతో. మా ఆయన జంగయ్య ఆటో దిల్‌సుఖ్‌నగర్ మీదుగానే తిరుగుతుంది. ఉత్తరం మీ వాచ్‌మన్‌కు ఇచ్చి పోతాడు, వచ్చే ఆదివారం మళ్లీ వచ్చి జవాబు తీసుకుంటాడు.

నాకు కావలసింది ఒక్కటే. నవంబరు 14న ఏం జరిగిందో మీరు రాసివ్వాలి. మరిచిపోయి ఉంటే గుర్తుచేస్తాను. ఆ రోజు ఇన్‌స్పెక్షన్. దవాఖానకు క్వాలిటీ సర్టిఫికెట్ ఇచ్చే బృందం కింది అంతస్తులో ఉంది. వార్డు బాయ్‌లను ఫైళ్లు మోయడానికి పంపారు. ఆయా సంతోషి చేతికి పూలగుత్తి ఇచ్చి లాబీలో నిలబెట్టారు. పన్నెండో బెడ్ పేషెంటు, పక్షవాతం వచ్చిన నూట పది కిలోల మనిషి, మంచం మీద కిందికి జారిపోయి మెడ వంగి ఉన్నాడు. ఇంకొక మనిషి కావాలని అడిగాను. "వాళ్లు వచ్చేలోపు పేషెంటు నిటారుగా కూర్చుని ఉండాలి. ఒక్కదానివే చూసుకో అక్కా" అన్నారు మీరు. చూసుకున్నాను. నా కుడి భుజంలో పాత చీర చింపినట్టు చప్పుడైంది. డ్యూటీ దిగేముందు ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని, దెబ్బ ఎట్ల తగిలిందో రాసే ఇన్సిడెంట్ ఫారం నింపి మీ చేతికే ఇచ్చాను.

ఇప్పుడు ఆఫీసు వాళ్లు అటువంటి ఫారమే లేదంటున్నారు. నా భుజం వయసు వల్ల అరిగిందట, డ్యూటీకి దానికి సంబంధం లేదట. ఏప్రిల్ ఆఖరులోగా వార్డుకు వచ్చి మళ్లీ పేషెంట్లను ఎత్తాలి, లేకపోతే రాజీనామా రాయాలి. నేను అడుగుతున్నది కూర్చుని చేసే డ్యూటీ. టీకాల గదిలో ఖాళీ ఉంది. డ్యూటీలో తగిలిన దెబ్బ అని రుజువైతే ఇవ్వాల్సిందే, రూల్ ఉంది. మార్చి 27న కమిటీ కూర్చుంటుంది. ఆ రోజు పన్నెండో బెడ్ దగ్గర ఉన్నది నేను, మీరు, మాట పడిపోయిన ఆ పేషెంటు. ఆయన సాక్ష్యం చెప్పలేడు.

నా సంగతి మీరు అడగరు కాబట్టి నేనే చెప్తాను. చెయ్యి భుజం ఎత్తుకు కూడా లేవదు. జంగయ్య నాకు జడ అల్లుతున్నాడు. ఆటో మీద సామాను కట్టినట్టు బిగిస్తాడు, సాయంత్రం దాకా ఊడదు, తలకాయ మాత్రం పగిలిపోతుంది. జాకెట్టు హుక్కులు పెట్టేటప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోము. ఇంటికి వచ్చినవాళ్లకు గ్లాసెడు నీళ్లు ఇవ్వాలన్నా ఎడమ చేత్తో ఇస్తున్నాను, ఏమనుకుంటారో ఏమో.

ఆదివారానికి రాసి ఉంచండి.

సైదమ్మ.

*

దిల్‌సుఖ్‌నగర్,
16 ఫిబ్రవరి.

సైదక్కకు,

నీ బిందు నమస్కరించి రాస్తున్నది. ఉత్తరం నిండా "మీరు, మీరు" అని రాశావు చూడు, అక్కడే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తెనాలి నుంచి ట్రంకుపెట్టెతో వచ్చి, ఈ ఊళ్లో ఏ బస్సు ఎటు పోతుందో తెలియకుండా నిలబడ్డదాన్ని చెయ్యి పట్టుకుని నడిపించావు నువ్వు. నీ మీద నాకు ఎందుకుంటుందక్కా కోపం? ఫోన్ ఎత్తకపోవడం నిజంగా పని వల్లనే. ముగ్గురు స్టాఫ్ మానేశారు. ఇంట్లో మా వారు కూడా, దిండు కూడా అక్కడికే పట్టుకుపో అంటున్నారు.

ముందు నీ భుజం సంగతి. నువ్వు నన్ను తిట్టినా సరే, ఇవి చెయ్యి. జాకెట్టు తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, విప్పేటప్పుడు నొప్పి చెయ్యి ఆఖరున. పడుకున్నప్పుడు ఆ పక్కకు తిరగకు, మోచేతి కింద పల్చటి దిండు పెట్టుకో. వేడినీళ్ల సంచికి తువ్వాలు చుట్టి పావుగంట కాపడం పెట్టు. కాపడం అయ్యాక, బల్ల మీద ఎడమ చెయ్యి ఆనించి ముందుకు వంగి కుడి చెయ్యి వదులుగా వేలాడేసి మెల్లగా ఊపు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించు, నొప్పి మొదలైన చోట ఆగు. నొప్పిగా ఉందని అసలు కదపడం మానేయకు, పూర్తిగా బిగుసుకుపోతుంది. మాత్ర వేసుకునే ముందు ఏదైనా తిను.

ముందర హుక్కులుండే నైటీలు రెండు పంపుతున్నాను. జాకెట్ల బాధ తప్పుతుంది.

కమిటీ సంగతి మరీ మనసులో పెట్టుకోకు. పోరు నష్టం, పొందు లాభం అంటారు కదా. నేను సూపరింటెండెంట్ గారితో వీలు చూసుకుని మాట్లాడతాను. కాగితాలెందుకు అక్కా మన మధ్య?

ఆరోగ్యం జాగ్రత్త.

నీ చెల్లెలు,
బిందు.

*

మన్సూరాబాద్,
20 ఫిబ్రవరి.

బిందుమాధవికి,

మీరు అంటే కళ్లనీళ్లు వచ్చినయా? సరే, నువ్వు అనే అంటా. విను.

నేను సాక్ష్యం అడిగితే నువ్వు కేర్ ప్లాన్ పంపినవ్. అది కూడా ఎవరిది? నేను నీకు నేర్పిందే. నొప్పి చెయ్యి ముందు తొడగాలి, ఆఖరున విప్పాలి అని ఆర్థో వార్డులో నీ చెయ్యే పట్టుకుని చూపించాను. ఇప్పుడు అదే నాకు పార్సిల్ కట్టి పంపుతావా? నైటీలు వాచ్‌మన్ దగ్గరికి తిరిగి వస్తాయి. నాకు జాకెట్టు తొడుక్కునే చెయ్యి కావాలి గానీ జాకెట్టు అక్కరలేని బట్టలు వద్దు.

గోడ మీద వేళ్లు పాకించడం జనవరి నుంచే చేస్తున్నాను. ఎంత ఎత్తు పోయిందో ప్రతి ఆదివారం పెన్సిల్‌తో గీత పెడుతున్నాను. ఆరు వారాలకు నాలుగు వేళ్ల మందం పెరిగింది. స్విచ్ బోర్డు దాకా పోవాలంటే ఇంకో ఏడాది. నొప్పి ఏడు, ఎనిమిది మధ్యన ఉంటుంది. పేషెంట్లు పది అంటే, ఎక్కువ చేసి చెప్తున్నారని మనం ఐదు రాసేవాళ్లం, జ్ఞాపకం ఉందా? ఇప్పుడు వాళ్లందరికీ దండం పెట్టాలనిపిస్తున్నది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నవంబరు 14 అనే మాటే లేదు దాంట్లో. పన్నెండో బెడ్ లేదు. ఫారం లేదు. జంగయ్యకు చదివి వినిపిస్తే ఆయన ఏమన్నాడో రాస్తాను, ఉన్నదున్నట్టు: "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టున్నది గామె ముచ్చట. నువ్వు అడిగిందేంది, ఆమె చెప్పేదేంది?" తడుముకో బిందూ. నీకు రెండు చేతులూ లేస్తాయి. నాకు తడుముకుందామన్నా చెయ్యి అంతదాకా పోదు.

సూపరింటెండెంట్‌తో వీలు చూసుకుని మాట్లాడతానన్నావు. ఎవరి వీలు? ఏప్రిల్ తర్వాతనా? నాకు నలభై తొమ్మిదేండ్లు. ఈ చేత్తో నన్ను ఇంకో దవాఖానలో ఎవరు తీసుకుంటారు? పద్దెనిమిదేండ్ల వయసు నుంచి నర్సు తప్ప ఇంకోటి కాలేదు నేను. బజారుకు పోతే "సిస్టర్, బాగున్నారా" అంటారు. రాజీనామా రాసిన తెల్లారి నుంచి నేను ఎవరిని? అది ఆలోచించినవా ఎన్నడన్నా?

ఒకటే అడుగుతున్నా. నా ఫారం ఏం చేసినవ్? చింపినవా, పంపినవా? ఒక్క మాట రాయి. కాపడం సంగతి రాయకు.

సైదమ్మ.

*

దిల్‌సుఖ్‌నగర్,
2 మార్చి.

సైదక్కా,

నైటీలు తిప్పి పంపావు. వాచ్‌మన్ ముందు ఆ కవరు తీసుకోవడానికి నాకు తల కొట్టేసినట్టయింది. సరే. నేనూ ఇక కడుపులో దాచుకోను.

ఫారం పైకి పంపలేదు. నిజం. ఇన్‌స్పెక్షన్ వారంలో ఒక్క ఇన్సిడెంట్ కూడా రిజిస్టర్‌లో కనపడకూడదని సూపరింటెండెంట్ గారు ఇన్‌ఛార్జులందరినీ కూర్చోబెట్టి చెప్పారు. వాళ్లు వెళ్లాక పంపుదాంలే అనుకున్నాను. వాళ్లు వెళ్లాక, తేదీ దాటిపోయింది కదా, ఎందుకు ఆపావని అడుగుతారేమోనని భయపడ్డాను. భయపడుతూనే నెల గడిచింది. చింపలేదు. మా ఇంట్లో బీరువాలో చీరల కింద ఉంది. చీర తీసినప్పుడల్లా కనపడుతుంది. నీ చేతిరాత ఆ రోజు ఎంత వంకర పోయిందో నాకు కంఠతా వచ్చు.

ఇప్పుడు నువ్వు చెప్పు. నీ ఉత్తరాల్లో కూడా ఒక మాట లేదు. మార్చి నుంచి నవంబరు దాకా, వారానికి రెండుసార్లు, దుప్పట్ల గదిలో తలుపు గడియ పెట్టుకుని నీకు నొప్పి ఇంజెక్షన్ వేసిందెవరు? నేను. "ఒక్కటి వెయ్యి బిందూ, ఈ షిఫ్టు గట్టెక్కితే చాలు" అని అడిగిందెవరు? నువ్వు. పేషెంట్లకు రాసి, వాడకుండా మిగిలిన మందు అది. డాక్టరు చీటీ లేదు. నొప్పి తెలియకుండా చేసుకుని మళ్లీ పోయి ఎత్తేదానివి. చూపించుకో అక్కా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? ఎమ్మారై తీయిస్తే ఫ్లోర్ నుంచి తీసేస్తారు అన్నావు. నా నోరు నొక్కింది నువ్వే.

ఆ భుజం నవంబరు 14న ఒక్కసారిగా చిరగలేదు. ఎనిమిది నెలలు కొంచెం కొంచెంగా చిరిగింది. ఆ రోజు తెగింది. ఇది నీకూ తెలుసు. నేను నిజం రాసివ్వడం మొదలుపెడితే సగం దగ్గర ఎలా ఆపను? కమిటీ వాళ్లు "అంతకుముందు నొప్పి ఉండేదా" అని అడిగితే ఏమని రాయను? లేదని రాస్తే అబద్ధం. ఉందని రాస్తే నీ కేసు పోతుంది, నా రిజిస్ట్రేషన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్లు తీసేస్తారు. ఇరవై ఏళ్ల నా చదువూ కొలువూ దుప్పట్ల గదిలో కలిసిపోతాయి.

నువ్వు నన్ను తడుముకోమన్నావు. నీకు చెయ్యి లేవకపోవడం మేలే అయింది, లేకపోతే నువ్వూ తడుముకోవాల్సి వచ్చేది. ఈ మాట రాయకూడదు. కొట్టేద్దామనుకున్నాను, కొట్టేయట్లేదు. నాకూ కోపం ఉందని తెలియాలి నీకు.

బిందు.

*

మన్సూరాబాద్,
9 మార్చి.

బిందూ,

నీ ఉత్తరం వచ్చి వారం. రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు కూడా మోచెయ్యి దిండు మీద పెట్టి, నాలుగు లైన్లకు ఒకసారి ఆగి రాస్తున్నాను.

జంగయ్య అడిగాడు, "ఏం రాసింది గామె?" అని. ఈసారి చదివి వినిపించలేదు. నోటితో చెప్పాను. సూదుల సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. టీ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టాడు. "ఎనిమిది నెలలు నీ పక్కన పండుకున్నోన్ని. నొప్పున్నదని నాకెందుకు చెప్పలె? దుప్పట్ల అర్రల చెప్పుకున్నవ్, ఇంట్ల చెప్పలె" అన్నాడు. అంతే. రెండు రోజులు మాట్లాడలేదు. పొద్దున జడ మాత్రం అల్లాడు, అల్లి ఆటో తీసుకుని పోయాడు.

అవును. అడిగింది నేనే. నీ నోరు నొక్కింది కూడా నేనే.

ఎందుకు దాచానో నీకు తెలుసు, అయినా రాస్తాను. కౌసల్యమ్మ సిస్టర్ గుర్తుందా? నడుము నొప్పి అని ఒక్క మాట అన్నది. విశ్రాంతి తీసుకోండి అని ఎంత మర్యాదగా ఇంటికి పంపారు. మళ్లీ పిలవలేదు. వీడ్కోలు కార్డు మీద మనమందరం సంతకాలు పెట్టాం, "మీ సేవలు మరువలేనివి" అని రాసింది నేనే. వనస్థలిపురం రైతుబజార్‌లో ఒకసారి కనపడింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఆ రోజే అనుకున్నాను, చచ్చినా నొప్పి అని ఎవరికీ చెప్పకూడదని.

కోపంతో ఒళ్లు మండిపోతున్నది బిందూ, నీ మీద ఒక్కదాని మీదే కాదు. ఒక పేషెంటు వచ్చి, "నొప్పి సూది వేయండి, నేను పోయి బరువులు ఎత్తుతా" అంటే ఊకుంటామా మనం? గడ్డి పెట్టమా? నొప్పిని అణచిపెట్టి కీలును వాడితే ఏమైతదో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని నేను, కొత్త పిల్లలకు. చెప్పి, చెయ్యి కడుక్కుని, దుప్పట్ల గదికి వచ్చి నీ ముందు నిలబడేదాన్ని. నర్సులు తప్ప ఇంకెవరన్నా చేస్తారా ఇంత తెలివితక్కువ పని? కూలికి పోయే ఆడమనిషైనా నొప్పి లేస్తే బుట్ట కింద పెట్టి కూర్చుంటది.

అన్నీ రాయి. సూదులు రాయి. మార్చి నుంచి అని రాయి. నేను అడిగాను అని నా పేరుతో రాయి. ఒక్కదానివే చూసుకో అన్నది కూడా రాయి. ఫారం చీరల కింద నుంచి తీసి దానికి పిన్ను కొట్టు. సగం నిజంతో నాకు టీకాల గది వస్తే ఆ కుర్చీలో నేను కూర్చోలేను. నీ రిజిస్ట్రేషన్ సంగతి నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నా. కాదంటే కాదని రాయి, అది కూడా రాతలోనే రాయి. పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

సైదమ్మ.

*

దిల్‌సుఖ్‌నగర్,
24 మార్చి.

సైదక్కా,

జంగయ్య బావ పోయిన ఆదివారం వచ్చి, ఆ ముందు ఆదివారం వచ్చి, వట్టి చేతులతో వెళ్లాడు. వాచ్‌మన్ చెప్పాడు. బాల్కనీ నుంచి ఆటో కనపడుతూనే ఉంది. కిందికి దిగలేదు. ఎన్నిసార్లు రాశానో, ఎన్నిసార్లు చింపానో అడగకు.

ఈ ఉత్తరంతో పాటు నాలుగు పేజీలున్నాయి. అన్నిటి మీదా సంతకం చేశాను. నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి, నువ్వు చెప్పనివి కూడా. ఏ తేదీన ఏ మందు, ఎవరి పేరున వచ్చిన మందు, గుర్తున్నంత వరకూ రాశాను. నీ ఫారం పిన్ను కొట్టాను. కమిటీకి నేనే ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. నీ చేతికి పంపుతున్నాను. ఇవ్వాలో వద్దో నువ్వు నిర్ణయించుకో. ఇస్తే నీ కేసు పోవచ్చు, నా కొలువు పోవచ్చు. ఇవ్వకపోతే నీ కొలువు ఖాయంగా పోతుంది. దీన్ని నీ మీద వదిలేయడం కూడా పిరికితనమే అని మా వారు అన్నారు. అవును, పిరికిదాన్నే.

ఒక సంగతి ఆ నాలుగు పేజీల్లో లేదు. అది నీకే చెప్పాలి. ఆ రోజు వాళ్లు మన అంతస్తుకు రానే లేదక్కా. రెండో అంతస్తులో చూసి, భోజనాలకు దిగి, అటు నుంచి అటే వెళ్లిపోయారు. నువ్వు క్యాజువాలిటీలో భుజానికి ఐసు పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు తెలిసింది. నీ పక్కనే నిలబడి కూడా చెప్పలేకపోయాను.

బిందు.

*

మన్సూరాబాద్,
6 ఏప్రిల్.

బిందూ,

రానే లేదా? నాలుగు నెలలు కడుపులో పెట్టుకుని, సంతకాల కింద, ఉత్తరం చివర మూడు లైన్లలో చెప్తావా? అది చదివి కాగితం గోడకేసి కొడదామని చెయ్యి ఎత్తబోయాను. కుడి చెయ్యి. ప్రాణం పోయినంత పనైంది. నీ మీద కోపం కూడా సరిగ్గా చూపించుకోనివ్వట్లేదు ఈ భుజం.

కాగితాలు ఇచ్చాను. నాలుగు పేజీలూ ఇచ్చాను. కమిటీలో ఏం జరిగిందో నీకు ఆర్డరు చేతికొచ్చాక సగమే తెలిసి ఉంటుంది. మిగతా సగం రాస్తాను.

ముగ్గురున్నారు. సూపరింటెండెంట్ నా మొహం చూడలేదు. ఆఫీసు నుంచి వచ్చిన అమల మేడమ్ అన్నీ చదివి, "ఇంజెక్షన్లు మీరే అడిగారా?" అన్నది. "అడిగిన" అన్నాను. "పాత నొప్పి అని మీరే ఒప్పుకుంటున్నారు కదా" అన్నది. ఇక అయిపోయింది అనుకున్నాను. మూలన కూర్చున్న ఎముకల డాక్టరు, చిన్నవాడే, అప్పటిదాకా నోరు విప్పనివాడు, "ఆ ఎనిమిది నెలలూ ఈవిడ ఎత్తింది ఎవరిని మేడమ్? మన పేషెంట్లనే కదా. పాత నొప్పి అయినా మన దగ్గర పట్టిందే" అన్నాడు. ఇంత చిన్న మాట నాకెందుకు తోచలేదు? పాత నొప్పి అంటే నా తప్పే అనుకుంటూ కూర్చున్నాను ఇన్నాళ్లు.

టీకాల గది ఇచ్చారు. నాకు హెచ్చరిక కాగితం. నిన్ను ఇన్‌ఛార్జ్ నుంచి దింపి అదే అంతస్తులో స్టాఫ్‌గా వేశారు. కౌన్సిల్‌కు రాయరట. దయతో అనుకుంటున్నావేమో. నీ సంగతి రాస్తే ఇన్‌స్పెక్షన్ వారంలో ఫారాలు ఆపమన్నది కూడా బయటికొస్తుంది, అందుకు. ఆయా చేతికి పూలగుత్తి ఇచ్చి నిలబెట్టినవాళ్లకు ఏ కాగితమూ లేదు.

నీకు థాంక్స్ చెప్పాలని జంగయ్య అంటున్నాడు. "చెప్పు జర, ఆమె కూడ ఇన్‌ఛార్జ్ కుర్చీ పోగొట్టుకున్నది గదా" అంటున్నాడు. చెప్పను. నువ్వు రాసింది నువ్వు రాయాల్సిందే. అది నవంబరులో రాసి ఉంటే డిసెంబరులో నాకు వైద్యం మొదలయ్యేది, భుజం ఇంత బిగుసుకునేది కాదు. ఆ నెలలు ఎవరు తెచ్చిస్తారు?

ఉండు. ఫ్లోర్ మీద నీకు నలభై ఆరేండ్ల వయసులో మళ్లీ కొత్త. నడుము వంచకు, మోకాళ్లు వంచు. ఇంతకంటే రాయలేను ఇప్పుడు.

సైదమ్మ.

*

దిల్‌సుఖ్‌నగర్,
18 మే.

సైదక్కా,

నువ్వు రాయొద్దు అనలేదు కాబట్టి రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం షిఫ్టు. ఏడో బెడ్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చిన పెద్దాయన, తుంటి ఆపరేషన్, భారీ మనిషి. దిండ్ల మీద నుంచి కిందికి జారిపోయారు. డ్యూటీ డాక్టరు వచ్చి పైకి జరపమన్నారు. ఆయాలిద్దరూ స్కానింగ్‌కు వెళ్లారు. "ఒక్కదాన్ని ఎత్తను డాక్టర్, ఇంకో ఇద్దరు కావాలి" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "ఇన్‌ఛార్జ్ చేసి వచ్చారు కదా, అలవాటు తప్పినట్టుంది" అని వెళ్లిపోయాడు.

బెల్లు మూడుసార్లు కొట్టాను. మంచం కటకటాలు పైకి లేపాను, పెద్దాయన మెడ కింద చుట్టిన దుప్పటి పెట్టి, ఊపిరి సరిగా ఆడుతోందా చూసుకుంటూ నిలబడ్డాను. వాళ్ల కోడలు ఫోన్ తీసి వీడియో పట్టడం మొదలుపెట్టింది. "చూడుండ్రి, మా మామ గిట్ల పడుంటే సిస్టర్ చేతులు కట్టుకుని నిల్సున్నది" అని అందరికీ వినపడేలా చెప్పింది. ఒకసారి వంగాను కూడా, ఎత్తేద్దామని. మళ్లీ లేచి నిలబడ్డాను.

మధ్యలో మన జ్యోతిక పరిగెత్తుకొచ్చింది. పోయినేడు నీ కింద ట్రైనింగ్ చేసిందే, ఆ పిల్ల. "జరగండి మేడమ్, నేనొక్కదాన్నే లేపుతా. సైదమ్మ సిస్టర్ నేర్పించిన్రు" అని చంకల కింద చేతులు పెట్టబోయింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయా వచ్చాక ముగ్గురం కలిసి దుప్పటితో పైకి జరిపాం. పెద్దాయన "హమ్మయ్య" అని కళ్లు మూసుకున్నారు. అంతే, అయిపోయింది.

గడియారం చూసి చార్టులో రాశాను. నాలుగు పదికి పిలిచాను, నాలుగు ఇరవై ఒకటికి వచ్చారు. పదకొండు నిమిషాలు. ఇరవై ఏళ్లలో ఎత్తను అని అనడం ఇదే మొదటిసారి. ఎవరికైనా చెప్పాలనిపించింది.

బిందు.

*

ఎల్బీనగర్, టీకాల గది,
21 మే.

బిందూ,

పిల్లల తల్లులు ఎవరూ లేరు ఇప్పుడు. రిజిస్టర్ పక్కన పెట్టి రాస్తున్నాను.

పదకొండు నిమిషాలు. నీ ఉత్తరం చదివి ఆ అంకె దగ్గర ఆగిపోయాను. ఆ రోజు నేను ఆగి ఉంటే నాకు కూడా అంతే అయ్యేది. పన్నెండో బెడ్ ఆయన పదకొండు నిమిషాలు మెడ వంచుకుని ఉండేవాడు, నేను ఆ మెడ పట్టుకుని నిలబడేదాన్ని. నువ్వు అరిచేదానివి. అరిస్తే అరవనీ. ఇంకో మనిషి కావాలని నువ్వే పరిగెత్తి పోయి ఎవరినో తీసుకొచ్చేదానివి.

ఈ ఉత్తరం నీ మీద కోపంతో మొదలుపెడదామనుకున్నాను. జ్యోతిక మాట దగ్గర కోపం తిరిగి నా మీదికే వచ్చింది. అది అబద్ధం చెప్పలేదు. నేర్పించాను. ఒక్క మనిషి నూరు కిలోల పేషెంటును ఎట్ల లేపాలో ఏ పుస్తకంలోనూ లేదు, నా చేతిలో ఉన్నదని గొప్పగా చెప్పుకునేదాన్ని. మోకాలు మంచానికి ఆనించి, చంకల కింద చేతులు దూర్చి, ఊపిరి బిగబట్టి ఒక్క గుంజు. ప్రతి బ్యాచ్‌కు నేర్పాను. సరిగ్గా చేసిన పిల్ల వీపు తట్టేదాన్ని. మనుషులు చాలరని అడగడం ఒక్కరికి కూడా నేర్పలేదు. నీకు నేర్పింది కూడా నేనే కదా. ఆ రోజు ఒక్కదానివే చూసుకో అని నువ్వు ఊరికే అనలేదు. నేను చూసుకోగలనని నీకు నేర్పి పెట్టాను.

ఇది రాసినందుకు నీ తప్పు పోలేదు. నా చెయ్యి కూడా లేవలేదు.

రేపు రెండింటికి జ్యోతిక షిఫ్టు దిగుతుంది కదా, దాన్ని నా గదికి పంపు. ఒక్కదాన్నే కాదు, ఆ బ్యాచ్‌లో ఎంతమంది ఉంటే అంతమందిని పంపు. నేను నేర్పింది తప్పని చెప్పాలి. జంగయ్యతో జడ అల్లించుకోకుండా కూర్చుంటా, చెయ్యి ఎంతవరకు లేస్తుందో వాళ్ల ముందే లేపి చూపిస్తా.

సైదక్క.